ఆరున్నొక్కటవ రేకు

వానకాలము తన నల్లకంబళి మడిచి చంకఁ బెట్టుకొని సముద్రపు దెసకుఁ దరలిపోయిన పిదప నిర్మలమైన యాకాశమున దూదిపింజెలవంటి వెలిమబ్బులు తేలియాడుచుండఁగా గోదావరి పాయలోని యెఱ్ఱనీరు తేరుకొని యద్దమువలె నిలిచియుండఁగా గట్టులవెంట ఱెల్లుపూవులు చాకిరేవున నారవేసిన వెల్లచీరలం దలపించుచుండఁగా కొబ్బరిమట్టల సందుల జాఱిన బాలాతపము వాకిళ్లపై వలవంటి నీడలు పఱచుచున్న యొక యాశ్వయుజ ప్రభాతమున నరసాపురమునకు దిగువనున్న కొత్తలంక యను పల్లెలో నఱువదియేండ్లు దాఁటిన పేరంటాలమ్మ రేవునకు బయలుదేఱెను. చంకలో గుడ్డసంచి యుండెను. సంచిలో నొక లేసు మెడపట్టీ యుండెను. మనసులో నొక పంతము కూర్చుండియుండెను.

ఆ పంత మెట్టిదో చెప్పవలయునన్నఁ గొంచెము వెనుకకుఁ బోవలయును. పేరంటాలమ్మకుఁ బ్రాణస్నేహితురాలైన దేవకరుణమ్మ శ్రావణమాసమున మూఁడుదినముల జ్వరముతోఁ గన్నుమూసెను. ఏఁబదియేండ్లు ఒకే యరుఁగుపై నెదురెదురుగాఁ గూర్చుండి లేసల్లిన జంట యది. ఒకతె ప్రార్థనమందిరమునకుఁ బోయినపుడు రెండవయామె దాని దారపుండను గోడిపిల్లల పాలు గాకుండఁ గాచును. రెండవయామె యమ్మవారి జాతరకుఁ బోయినపుడు మొదటియామె దాని పొయ్యిమీఁది పులుసు మాడకుండఁ గాచును. దేవుళ్లు ఇద్దఱైనను మజ్జిగకుండ యొక్కటే యని యూరివారు నవ్వుకొందురు.

అంతలో లేసు నల్లు స్త్రీలు తామే యిటుకలు మోసి కట్టించుకొన్న సంఘపుటింటికిఁ బున్నమినాఁడు ప్రవేశమని నిశ్చయమయ్యెను. కాలముచేసిన పెద్ద పనివారి పటములు పెద్దగదిలోఁ గట్టవలయునని యందఱును దీర్మానించిరి. తొమ్మండుగురి పటములు దొరకెను. దేవకరుణమ్మది మాత్రము లేదు. ఆ యిల్లాలు పుట్టి బుద్ధెఱిఁగి యొక్కమాఱైనను గెమెరాకు ముఖ మిచ్చినది కాదు. పెట్టె తెఱచుట చూచినంతనే తల వంచి చేతిలోని పనిం జూచుకొనును. సంఘమువారందఱు నొకసారి తీయించుకొన్న పెద్దపటములో నామె పాపిట తప్ప మఱేమియుఁ గానరాదు.

సంఘమునకుఁ బెద్దయైన అమ్మాజీ చెడ్డది కాదుగాని మాట సూటిగా ననును.

“ఫొటో లేని మనిషికి మేకెక్కడ కొట్టమంటావక్కా. పేరు రాసి పెడదాం, చాల్లే.”

“రాస్తావు సరే, చదివేదెవరే? మనలో సగం మంది వేలిముద్ర వాళ్లమే గదా. తొమ్మండుగురు మొహాలు చూపిస్తా గోడెక్కి కూర్చుంటే, మా కరుణ గీతలు గీతలుగా మూల నించోవాలా?”

“మరి పున్నమిలోగా నువ్వే తెచ్చుకో. ఆ పొద్దుటికి లేకపోతే పేరే.”

పున్నమి కెనిమిది దినము లున్నవి. ఆ సంగతి యిది.

పడవ దాఁటి పేరంటాలమ్మ నరసాపురపు వీథిలోఁ ద్రిమూర్తులను ముసలి ఛాయాగ్రాహకుని దుకాణమునకు వచ్చెను. దంతము లూడినను దర్పము వీడని యా వృద్ధుఁడు ఒకప్పుడు చీఁకటిగదిలో నెఱ్ఱదీపము వెలిగించుకొని పెండ్లికూఁతులకు సిగ్గు సైతము దిద్దిన ఘనుఁడు. ఇప్పుడో దరఖాస్తులకు నంటించు వ్రేలెడు ముఖములను యంత్రముచేఁ దీసియిచ్చి కాలము గడుపుచుండెను. అంతయు విని యాతఁడు గడ్డము నిమురుకొనెను.

“ఆవిడకో చెల్లెలుంది కదండీ. ఆవిడ చీరే కట్టించి కూర్చోబెట్టండి. నాలుగు ముడతలు నేను దిద్దుతాను. ఎవరికీ తెలీదండి.”

“ఆ చెల్లెలు రోజుకి రెండు పువ్వులల్లదు బాబూ. దాని మొహం తీసుకెళ్లి మా కరుణ చోట్లో ఎలా పెట్టను?”

త్రిమూర్తులు నవ్వి తేనీరు తెచ్చుటకై వీథిలోనికిఁ బోయెను. పేరంటాలమ్మ సంచి విప్పి చూచెను గదా, పడవలోఁ జిందిన నీటికి మెడపట్టీ తడిసియుండెను. అది దేవకరుణమ్మ చేతి పని. లేసు నల్లువారి కొక కట్టుబాటున్నది. తడిసిన పనిని నేలపైఁ బెట్టరు, గుడ్డపైఁ బెట్టరు, తెల్లకాగితముపైఁ బఱచి యెండకుఁ బెట్టుదురు. లోనిగదిలోని బల్లపై నొక పెట్టెలో నల్లని తొడుగున మడతైనఁ బడని తెల్లకాగితముల దొంతి కనఁబడెను. ఇంత శుభ్రమైన కాగితము చీఁకటిలోఁ బడియుండుట పాపమని తలంచి యామె యొక్కటి లాగి తొడుగు మరలఁ గప్పి యరుఁగుమీఁది యెండలోఁ బఱచి దానిపై మెడపట్టీని మూలలు తీర్చి పెట్టెను. ఆ వీథిలో మఱియెవ్వరును జేయఁజాలని తప్పు అది.

తిరిగివచ్చిన త్రిమూర్తులు గ్లాసుల నరుఁగుపైఁ బెట్టి కేకవేసెను.

“ఎంత పని చేశారమ్మా. అది ఫొటో కాయితం. నా దగ్గర మిగిలిన ఆఖరి పెట్టె. వెలుతురు చూస్తే చచ్చిపోద్దండి.”

పేరంటాలమ్మ మెల్లఁగా మెడపట్టీ యంచు నెత్తి చూపెను.

“చావలేదు బాబూ. ఇలా చూడు, పుట్టింది.”

ఎండ సోఁకినంత మేర కాగితము నేరేడుపండు చాయకుఁ దిరిగియుండెను. లేసు కప్పినంత మేర దారము దారముగ ముడి ముడిగఁ దెల్లనై నిలిచియుండెను. త్రిమూర్తులు కాగితము నందుకొని లోనికిం బరువెత్తి రంగును నిలిపెడు హైపో నీటిలో ముంచి బెల్లపుఁబాకపు వన్నెకు దిగివచ్చిన దానిని గడిగి తెచ్చి యామె చేతఁ బెట్టెను. అప్పుడు పేరంటాలమ్మ యొక వింతం గనుఁగొనెను.

ప్రతి పూవునకును రేకులు ఆఱు దగ్గఱదగ్గఱఁగాఁ గూర్చుండియున్నవి. తరువాతి రేకు మాత్రము వడ్లగింజ పట్టునంత యెడముగఁ బ్రక్కకు జరిగి యున్నది. తెలుపుపైఁ దెలుపుగా నున్నంతకాలము కంటి కానని యీ యెడము ముదురువన్నెపైఁ దెలుపుగా నిలిచినంతనే పిలిచినట్లు పలికెను. ఈ యెడము కథ తోడ లేసల్లినవారెల్లరు నెఱిఁగినదే. దేవకరుణమ్మ తండ్రి కళ్లములలో వడ్లు కొలుచువాఁడు. ఏడు అను మాట యేడ్వుమన్నట్లుండునని కొలుచువారు దానిని నోటఁ బలుకక ఆరున్నొక్కటి యందురు. ఆ యింటఁ బెరిఁగిన పిల్ల లేసు నేర్చుకొన్ననాఁడును ఆరు అని లెక్కించి యూపిరి పీల్చుకొని, ఆపై ఉన్నొక్కటి యని మిగిలినదానిని వేఱుగ నల్లును. ఆ యూపిరి పట్టినంత యెడమే పూవున నిలిచిపోయెను. కొనవచ్చినవారు భూతద్దముతోఁ జూచి యది తప్పని యెన్నిసార్లో త్రిప్పి పంపిరి. ఆమె సరే యని నవ్వి మరల నట్లే యల్లెను.

“బాబూ, ఇంకెన్ని కాయితాలున్నాయి?”

“పదకొండండి.”

“అన్నీ నావే. మా కరుణని ఎండలో కూర్చోబెడతాను.”

ఆ వారమంతయుఁ బేరంటాలమ్మ దేవకరుణమ్మ యల్లిన వాని కొఱకై యిల్లిల్లు దిరిగెను. ఒకరింటి యుయ్యాలతొట్టి కప్పును ఇంకొకరి పెండ్లినాఁటి ముసుఁగును ప్రార్థనమందిరపు బల్లగుడ్డను తలగడ యంచులను నేఁటికిని వాడక దాఁచుకొన్న జేబురుమాళ్లను అడిగి తెచ్చెను. కాదన్నవారొక్కరును లేరు. పున్నమికి ముందునాఁటి పూర్వాహ్ణమునఁ ద్రిమూర్తుల డాబాపైఁ గొయ్యపలక పఱచి యా వృద్ధుఁడు నల్లగుడ్డ నీడలోఁ గాగితములఁ బదునొకంటినిం జేర్చి యంటింపఁగా పేరంటాలమ్మ మోకాళ్లపై వంగి లేసుముక్కలతో నొక మనిషిని గూర్చెను. ఎడమభుజము రెండువ్రేళ్లు దిగవలెను. వీఁపు గోడ కానవలెను. మోకాలిపై దారపుండ యుండవలెను. ఒడిలో సూదితోఁ గూడఁ బూర్తిగాని పూవొకటి యుండవలెను.

“మొహానికేం పెడదామండి?”

“అదెప్పుడు మొహం చూపించింది గనక? తల వంచు బాబూ.”

గుండ్రని యల్లిక యొకటి వంచిన తల యయ్యెను. దానిపై నొక్క నూలుపోగు పాపిట యయ్యెను. గాలికిఁ గదలకుండ నద్దపుఁ బలకలు మోపి నల్లగుడ్డ లాగివేసిన క్షణముననే, చెప్పిపెట్టినట్లు, ఱెక్కలు చాఁచిన యొక కారుమబ్బు సూర్యునిం గప్పివేసెను. ఒక చినుకు పడినను బదునొకండు కాగితములును బోయినట్లే. మఱి తెప్పించుటకు దినము లేదు. త్రిమూర్తులు తలపైఁ జేయి వేసికొనెను. పేరంటాలమ్మ కొంగు బిగించి మబ్బును జూచి గట్టిగా ననెను.

“తొందరలో ఉన్నవాళ్లం నాయనా, కాస్త అవతలికెళ్లి కురుసుకో.”

విన్నదో వినలేదో, మబ్బు పాయ దాఁటి పోయెను. ఎండ కుండ పగిలినట్లుగా డాబాపైఁ బడెను. నీడ లేని చోటెల్ల మొదట గులాబియై పిదప నేరేడై తుదకు నిండుచీఁకటియై కాగితము ముదిరెను. అద్దము లెత్తి లేసు తొలఁగింపఁగా నా చీఁకటిలోఁ దల వంచుకొని తెల్లని స్త్రీ యొకతె యల్లుచుఁ గూర్చుండియుండెను.

మఱునాఁడు సంఘపుటింట బల్లలు నిండెను. గోడకుఁ దొమ్మిది పటములు తగిలించియుండెను. పేరంటాలమ్మయుఁ ద్రిమూర్తులును రాత్రి హైపో నీటఁ గడిగి రంగు నిలిపిన కాగితముల దొడ్డపలకను దెచ్చి యానించి నిలిపిరి. అమ్మాజీ చాలసేపు చూచెను.

“బావుందక్కా, కాదన్ను. కానీ ఇది కరుణక్కేనని ఎలాగంటాం? లేసు ఎవరల్లినా లేసే కదా.”

పేరంటాలమ్మ పలకను బల్లలవైపునకుఁ ద్రిప్పెను. అందఱికంటెఁ బెద్దదియు మసకచూపుగలదియు నైన బుల్లెమ్మ లేచి వచ్చి ముక్కు తగులునంత చేరువకు వంగి యొక పూవుపై వ్రేలు మోపి లెక్కింపసాఁగెను.

“ఒకటి, రెండు, మూడు, నాలుగు, అయిదు, ఆరు…”

ఆ వ్రేలు ఆగెను. బుల్లెమ్మ ఊపిరి పీల్చుకొనెను. అంతట వెనుక బల్లలనుండి యొక్కరు చెప్పిరో పదుగురు చెప్పిరో తెలియనట్లు డెబ్బదిమంది గొంతుకలు ఒక్కటై పలికెను.

“ఆరున్నొక్కటి.”

ఒకతె నవ్వెను. ఇంకొకతె కన్నులు తుడుచుకొని మరల నవ్వెను. “ఆ తిరస్కారం సరుకు నీదేనా కరుణా” యని యెవ్వతెయో వేళాకోళ మాడఁగా నిల్లు కప్పు లేచునట్లు నవ్వులు మ్రోగెను. అమ్మాజీ సుత్తి తానే పుచ్చుకొని పీఁట యెక్కి నడుమనున్న పటమును బ్రక్కకు జరిపి సరిగా గోడ మధ్యమున మేకు గొట్టెను.

“ఎత్తండే. నిలువుగా పట్టండి, మా అక్క తల అసలే వంగి ఉంది.”

అది మొదలు నరసాపురపు వీథిలో నెండ కాయు ప్రతి పూఁటయుఁ ద్రిమూర్తుల యరుఁగుపై లేసు పనివారు బారులు తీరి కూర్చుండఁజొచ్చిరి. పోయినవారి కొఱకు గాదు, తమకొఱకే. తమ తమ యల్లికల నాతఁడు క్రొత్తగాఁ దెప్పించిన కాగితములపైఁ బఱచుకొని యెండలోఁ దమ చేయి తేలుట వేచి చూచుచు, ముడి యెక్కడ బిగించినదియు నెక్కడ వదలినదియు నొకరి కొకరు వ్రేలితోఁ జూపుకొని వాదించుకొనుచుందురు. వరుసలో మొదట నమ్మాజీయే కూర్చుండెను. మనిషి ముఖము నద్దము చూచును. మనిషి చేతిం దోడివారు చూతురు. అద్దము చూచినది వెంటనే మఱచును. తోడివారు చూచినది యెండకెక్కిన కొలఁది నిగ్గు దేలును.