ఎల్లాజీ తిప్ప

శారద, వరాహ నదులు కలిసి సముద్రంలో పడే మొగలో ఇసుక ఒకచోట నిలవదు. ఏటా వరద వచ్చి ఒక ఇసుక తిప్పను మింగుతుంది, ఇంకోచోట ఒకదాన్ని కక్కుతుంది. ఒడ్డునున్న మొగపేట వాళ్ళు ఆ తిప్పలకు దేవుళ్ళ పేర్లు పెట్టరు. ఏ సరంగు తాను నడిపే పడవను దాని మీదకు ఎక్కించి మనిషిని పోగొడతాడో, వాడి పేరు పెడతారు. పోయినవాడి పేరు మొగలో ఎవరూ ఎత్తరు. ఎత్తితే నీళ్ళు ఇంకొకరిని అడుగుతాయని భయం. పోగొట్టినవాడు మాత్రం తన పేరు తానే వింటూ రోజూ ఆ తిప్పను చుట్టుకుని వేటకు పోవాలి. వాడికి ఎవరూ పడవ అప్పగించరు, వల లాగే కూలి తప్ప ఇంకో పని ఇవ్వరు. పెళ్ళికి పిలుపుండదు. ఇంతకంటే జైలే నయం.

అయితే పెద్దలు దీనికో ముగింపు కూడా పెట్టారు. తిప్ప కంటికి కనబడినంత కాలమే పేరు. వరద దాన్ని తుడిచేసిందా, ఆ ఏడు గంగమ్మ పండగనాడు బిడ్డను పోగొట్టుకున్న తల్లి ఆ సరంగు చేతిలో బెల్లం ముక్క పెట్టాలి. అది నోట్లో వేసుకుంటే మనిషి మళ్ళీ మనుషుల్లో కలిసినట్టు.

మహాలక్ష్మమ్మ పెట్టాల్సిన బెల్లం ముక్క ఎల్లాజీది. ఎల్లాజీ పరాయివాడు కాదు, తోడబుట్టిన తమ్ముడు. చేపల వేలం పాటకు అందరికంటే ముందు ఒడ్డు చేరాలన్న తొందరలో, పోటు తగ్గి నీళ్ళు లోతు లేనప్పుడు మొగలోంచి పడవ తోలాడు. తిప్పకు తగిలి పడవ తిరగబడింది. మిగతా వాళ్ళు ఈదుకొచ్చారు. మహాలక్ష్మమ్మ ఒక్కగానొక్క కొడుకు చంటిబాబు పడవ కింద ఉండిపోయాడు.

అప్పటినుంచి ఆమెకు అన్నం సయించేది ఒక్క మాట విన్నప్పుడే. "ఎల్లాజీ తిప్ప కాడ నీరు తగ్గిందిరా" అని ఎవరైనా అంటే, తమ్ముడి మొహం ఎక్కడుందా అని వెతికేది. ఆ మొహం వాడిపోతే ఆమె కడుపు చల్లబడేది. తప్పని తెలుసు. తెలిసీ వదల్లేదు. మొన్నటి వరద ఆ తిప్పను ఇసుక రేణువు మిగలకుండా తీసుకుపోయినప్పుడు, మళ్ళీ కొడుకు పోయినంతగా ఏడ్చింది. పేట వాళ్ళు అది సంతోషం అనుకున్నారు. పండగ దగ్గరపడుతోంది.

ఆ రోజుల్లోనే పావని వచ్చింది. ఎల్లాజీ కూతురు. తిప్పకు తండ్రి పేరు పడ్డ ఏడాదే తల్లి సత్యలక్ష్మి తల ఎత్తుకోలేక, ఊహ తెలియని పిల్లను తీసుకుని అనకాపల్లి వెళ్ళిపోయింది. పావని ఇప్పుడు అక్కడే డిగ్రీ చదువుతోంది. కాలేజీలో మొగ మీద ప్రాజెక్టు ఇచ్చారట. ఫోన్ మ్యాపుల్లో నది పాయలు, ఉప్పుటేర్లు, మడ అడవి, తిప్పలు అన్నీ గుర్తించి, ఊరివాళ్ళు పిలిచే పేర్లు పెట్టాలి. చేతిలో ట్యాబుతో నేరుగా అత్త గుమ్మంలోకే వచ్చి కూచుంది.

"అత్తా, నీతో మాటల్లేవని అమ్మ సెప్పింది గానీ, పాత తగువులు నాకెందుకు? ఇది సూడు, మన పేట!"

మహాలక్ష్మమ్మ ముందు మొహం తిప్పుకుంది. తరువాత ఓరకంట చూసింది. తరువాత ట్యాబు ఒళ్ళోకి లాక్కుంది. అనకాపల్లి వంతెన కింద సన్నగా కనిపించే శారద, మునగపాక చెరుకు చేల పక్కగా వంకలు తిరిగి, వరాహతో కలిసి బారుగా పరుచుకుని సముద్రంలోకి పోతోంది. ఇంత పెద్ద మొగ ఇంత చిన్న పలకలో ఎలా పట్టిందో ఆమెకు అర్థం కాలేదు. మొగ నడుమ తెల్లగా, చేప పొట్టలా, ఒక తిప్ప.

ఆమె దాని మీద వేలు ఆనించింది. "ఇది వరదకి పోనాది కదే?"

"ఇది పాత బొమ్మత్తా. ఆకాశంలోంచి ఎప్పుడో తీసేరు, ఇంకా మార్సలేదు. ఇదిగో, ఇలగ ఎనక్కి జరిపితే ఇంకా పాతవి కూడా వత్తాయి."

వేలితో జరిపింది. తిప్ప చిన్నదైంది, పక్కకు జరిగింది, మాయమైంది. అక్కడ నీలంగా నీళ్ళు.

"ఇది ఏ ఏడు?" అంది మహాలక్ష్మమ్మ.

పావని చెప్పింది. చంటిబాబు బతికున్న ఏడు. మహాలక్ష్మమ్మ కళ్ళు పలకకు ఆనించి ఒడ్డంతా వెతికింది. పడవలు నువ్వు గింజల్లా ఉన్నాయి. మనుషులు లేరు. అంత పైనుంచి తీసిన బొమ్మలో మనిషి ఎలా కనబడతాడు? అయినా ఆ గింజల్లో ఒకదాని పక్కన తన కొడుకు నిలబడి ఉంటాడని ఆమె నమ్మింది. నమ్మగానే తమ్ముడి మీద ఆమెకు ఒళ్ళు మండిపోయింది.

"అత్తా, ఈ తిప్పని ఎల్లాజీ తిప్ప అంటారు కదా? అమ్మ సెప్పింది. నాన్న మొగలో పేరుమోసిన సరంగట, అందుకే పెట్టేరట." పిల్ల కళ్ళు మెరిసిపోతున్నాయి.

నిజం నాలుక చివరిదాకా వచ్చింది. చెప్పి ఉంటే అక్కడితో పోయేది. మహాలక్ష్మమ్మ నాలుక మడత పెట్టుకుని, పిల్ల తల నిమిరింది.

"అవునమ్మా. పెద్ద అచ్చరాలతో రాయి. మీ నాన్న ఎంత గొప్పోడో కూడా రాయి. పండగనాడు అందరికీ సూపిద్దాం."

పండగనాడు పేట అంతా గంగమ్మ గుడిముందు చేరింది. ఎల్లాజీ ఉతికిన చొక్కా వేసుకుని, స్నానం చేసిన తల ఇంకా తడిగా ఉండగానే, చేతులు కట్టుకుని నిలబడ్డాడు. సత్యలక్ష్మి కూడా వచ్చింది. కులపెద్ద త్రినాధరావు పళ్ళెంలో బెల్లం ముక్క పెట్టి మహాలక్ష్మమ్మ ముందుకు జరిపాడు.

"తిప్ప పోనాది. తీసుకోమ్మా. తమ్ముడి సేతిలో ఎట్టీ."

"పోలేదు," అంది మహాలక్ష్మమ్మ. "పావనీ, ఇలగ రా. సూపించు."

పావని గబగబా వచ్చింది. ట్యాబు పెద్దాయన కళ్ళముందు పెట్టింది. నీళ్ళ నడుమ తెల్లటి తిప్ప, దాని మీద తెలుగులో పేరు. త్రినాధరావు అద్దాలు తుడుచుకుని చూశాడు. వెనకనుంచి నలుగురు మెడలు సాచారు.

"ఉన్నాదేటి?"

"ఉంది తాతా! పేరు నేనే పెట్టేను. ఎవరు ఫోన్‌లో సూసినా కనిపిత్తాది," అంది పావని గర్వంగా.

"వోలమ్మో, వద్దే!" అని సత్యలక్ష్మి అరిచింది. ఆ అరుపు ఎవరికీ పట్టలేదు. నానాజీ అనే కుర్రాడు "అది పాత ఫోటో తాతా" అని గొణిగాడు కూడా. త్రినాధరావు చెయ్యెత్తి ఆపాడు. ముసలాయనకు పాత కొత్త అక్కరలేదు. పెద్దలు చెప్పిన మాట 'కంటికి కనబడినంత కాలం'. ఆయన కంటికి కనబడింది. అంతకు మించి ఆయన చూడడు.

"తిప్ప ఉన్నంతసేపూ పేరుంటాది," అని పళ్ళెం వెనక్కి లాక్కున్నాడు.

పావని ఒక్కొక్కరి మొహం చూసింది. "ఏటైంది? నాన్నా, ఏటైంది?"

జవాబు మహాలక్ష్మమ్మే చెప్పింది. గుడిముందు, అందరూ వింటుండగా, పడవ తిరగబడిన దగ్గర్నుంచి చంటిబాబు శవం ఒడ్డుకు కొట్టుకొచ్చేదాకా, ఆ పేరు ఎందుకు పెట్టారో, బెల్లం ఎందుకు పెడతారో, మేనకోడలి మొహంలోకి చూస్తూ చెప్పింది. "నది మర్సిపోతాదే పావనీ. నువ్వు రాసింది మర్సిపోదు. అందుకే రాయించేను." పిల్ల చేతిలోంచి ట్యాబు ఇసుకలో పడింది. మహాలక్ష్మమ్మ ఆ రాత్రి కడుపునిండా తిన్నది.

ఎల్లాజీ పేట వదిలేశాడు. అనకాపల్లి బెల్లం మార్కెట్లో దిమ్మలు మోసే కూలీగా కుదిరాడని తెలిసింది. దాంతో పేటలో ఆ పేరు ఎత్తే అవసరం లేకపోయింది. ఎత్తినా వాడిపోయే మొహం అక్కడ లేదు. పుల్లలు లేని పొయ్యిలా మహాలక్ష్మమ్మ పగ ఊరికే పొగ పెట్టడం మొదలుపెట్టింది.

అప్పుడు మొదలయ్యారు ఆదివారం జనం. కార్లు, మోటారు సైకిళ్ళు, చేతిలో పావని రాసిన పేరు చూపించే ఫోన్లు. చేపల గంపతో ఒడ్డున కూచున్న ఆమెనే అడిగేవాళ్ళు.

"అమ్మా, ఎల్లాజీ తిప్ప ఎక్కడ?"

ఆమె నీళ్ళ వైపు చూపించేది.

"ఇక్కడేమీ లేదే! ఇంతకీ ఎల్లాజీ గారంటే ఎవరమ్మా? పేరుమోసిన సరంగు అని రాసుంది. విగ్రహమేమైనా ఉందా?"

"నా కొడుకుని సంపినోడు బాబూ," అందొకసారి. నల్లకళ్ళద్దాల కుర్రాడు వినలేదు, పెళ్ళాన్ని నీళ్ళకు వీపు పెట్టి నిలబెట్టి ఫోటో తీస్తున్నాడు. ఇంకొకామె విని, ముసలిదానికి మతి లేదనుకుని పక్కకు జరిగింది. ఆ రోజు మహాలక్ష్మమ్మకు బుర్రకెక్కింది. వందేళ్ళు పోయినా ఎల్లాజీ ఉంటాడు, గొప్ప సరంగుగా. చంటిబాబు పేరు నీళ్ళలో లేదు, ఇసుకలో లేదు, ఆ పలకలో లేదు. తాను తవ్విన గోతిలోకి తన కొడుకునే దింపింది.

మర్నాడే ఒక బెల్లం ముక్క కొంగున కట్టుకుని, అనకాపల్లిలో ఎల్లాజీ వాళ్ళు అద్దెకుంటున్న గదికి వెళ్ళింది. తలుపు పావని తీసింది.

"ఆ పేరు తీసేయే తల్లీ. తీసి, మీ బావ పేరెట్టు. నీ కాళ్ళట్టుకుంటాను."

పావని లోపలికి రమ్మనలేదు. ఆ పిల్ల గొంతులో మహాలక్ష్మమ్మకు తన గొంతే వినబడింది.

"తీసీమని మ్యాపోళ్ళకి ఎన్నిసార్లో పెట్టేను. తియ్యట్లేదు. జనం రోజూ ఎతుకుతున్నారు కదా, ఇంక పోదత్తా. బావ పేరంటావా? బావ పేరు మీద ఏ తిప్పుంది? లేని సోటుకి పేరెట్టలేను. ఒకసారి ఎట్టేను, సాలదేటి?"

వెనక గోడకు ఆనుకుని ఎల్లాజీ కూచున్నాడు. భుజాల మీద బెల్లం పాకం ఎండి, చొక్కా అట్టకట్టుకుపోయి ఉంది. మహాలక్ష్మమ్మ గుమ్మం దాటి, కొంగు ముడి విప్పి, ముక్కతో చెయ్యి అతని ముందుకు చాచింది.

"తమ్ముడూ, నోట్లో ఏసుకో."

ఎల్లాజీ ఆ ముక్క వైపు చూశాడు. కోపం లేదు, ఏడుపూ లేదు.

"పొద్దత్తమానం అదే మోత్తన్నానప్పా," అన్నాడు అక్కతో. "నాకింక దాని వాసనే పడదు."

ఆమె బస్సులో తిరిగొచ్చింది. ముక్క చేతిలోనే కరిగి వేళ్ళకు అంటుకుంది. ఆదివారం మళ్ళీ గంప పెట్టుకుని ఒడ్డున కూచుంది. ఎవరో కారు దిగి, ఫోన్ చూసుకుంటూ ఆమె దగ్గరికే వచ్చి ఎల్లాజీ తిప్ప ఎక్కడని అడిగారు. మహాలక్ష్మమ్మ చెయ్యెత్తి, చంటిబాబు మునిగిన నీళ్ళు చూపించింది.