రెండు చోట్ల ఉన్న మనిషి

"ఆఫీసులో నువ్వు చేసేదేముంది, పేర్లు చూస్తూ కూర్చోవడమేగా!" అన్నాడు భర్త, ఆమె ఇస్త్రీ చేసిచ్చిన చొక్కా తొడుక్కుంటూ. ఆమె అప్పటికే వంటింట్లోకి నడిచింది. అత్తయ్యకు వేడినీళ్ళు తోడాలి, మాత్రలివ్వాలి, తొమ్మిదికల్లా ఆఫీసు కుర్చీలో ఉండాలి. నోరు విప్పడానికి తీరికేదీ?

ఓటర్ల జాబితా ఆఫీసులో ఆమె పని, ఊరి జాబితానూ రాష్ట్ర జాబితానూ పక్కపక్కన పెట్టి సరిచూడటం. ఒకే మనిషి రెండు చోట్ల కనిపిస్తే ఒకటి ఉంచాలి, ఒకటి తీసెయ్యాలి. ఏది ఉంచాలో ఆ మనిషే చెప్పాలి, ఇంట్లో ఇంకొకరు చెబితే చెల్లదు. మధ్యాహ్నం కిటికీ తెర మీద ఎండ పడి గదంతా లేత పసుపుగా మారేసరికి ఆమెకు కళ్ళు మూతలు పడతాయి. కంప్యూటర్లోంచి పేర్లు దిగి, చెప్పులు చేత పట్టుకుని, చప్పుడు చెయ్యకుండా వీధిలోకి నడిచిపోతున్నట్టుంటుంది. అన్నీ ఆడవాళ్ళ పేర్లే. పెళ్ళితో ఒక ఇంటికి, మొగుడి బదిలీతో మరో ఇంటికి, కొడుకు పెళ్ళితో ఇంకో ఇంటికి. ఫోన్ చేస్తే మగగొంతే పలుకుతుంది. "ఆవిడకేం తెలుసండీ, నేను చెబుతా రాసుకోండి." "ఫోను ఆవిడకే ఇవ్వండి," అంటుంది ఈమె, గొంతు పెంచకుండా. తన సంగతీ అంతే కదా! పెళ్ళైన వారానికి భర్తే ఫారం నింపాడు, చూపించిన చోట సంతకం పెట్టింది. ఎక్కడుంటావమ్మా అని ఒక్కరూ అడిగిన పాపాన పోలేదు.

ఆ రోజు, నడిచిపోయే పేర్లలో అత్తయ్య కనిపించింది. ఉలిక్కిపడి కళ్ళు నులుముకుని చూసింది. నిజమే. ఊరి జాబితాలో తమ ఇంట్లో, రాష్ట్ర జాబితాలో పై ఊళ్ళోని బావగారింట్లో. ఆర్నెల్లిక్కడ, ఆర్నెల్లక్కడ. తన దగ్గరున్నప్పుడు ఏ కొడుక్కాకొడుకు రాయించేశాడు. భర్తకు ఫోన్ చేస్తే నవ్వాడు. "అన్నయ్య దగ్గరే ఉంచెయ్. ఇకమీదట అక్కడే ఉంటుందనడానికి మనకో కాగితం దొరికినట్టుంటుంది."

వేడినీళ్ళు, మాత్రలు, మూలుగులు, 'నీ చేత్తో ఏదీ కుదిరి చావదు' అన్న సణుగుడు, అన్నీ ఒక్క నొక్కుతో పోతాయి. ఆమెకు ఆశ పుట్టింది. పుట్టినందుకు సిగ్గేసింది. మీట మీద వేలుంచి చాలాసేపు ఎండకేసి చూసింది. ఆ తర్వాత నొక్కకుండానే వేలు తీసింది. సాయంత్రం చిరునామా మార్పు ఫారాలు నాలుగు సంచిలో పెట్టుకుని ఇంటికి నడిచింది.

"అత్తయ్యా, మీరెక్కడుంటారు?"

పెద్దావిడ అనుమానంగా చూసింది. "అదేం ప్రశ్నే? మీ ఆయన్నడుగు."

"మీరే చెప్పాలి."

ఆవిడ గోడకేసి తిరిగింది. నిద్రలో మాట్లాడుతున్నట్టు అంది. "నా ఇంట్లో. మీ మామయ్య పోయాక తాళం పడిన ఇంట్లో. రెండు గదులేలే. పొద్దున్నే ఎండ మంచం దాకా వచ్చేది."

"రాయాలంటే అక్కడ నిజంగా ఉండాలి అత్తయ్యా. ఉత్తుత్తినే రాస్తే తప్పు."

"ఉంటాను. తాళంచెవి ఎవరికీ ఇవ్వలేదు, నా దగ్గరే ఉంది."

గుమ్మంలోంచి భర్త పకపకా నవ్వాడు. "మంచం దిగడానికి మనిషి సాయం కావాలి, ఒక్కతీ ఉంటుందట! ఎవరు చూస్తారట?"

తనకెక్కడుండాలనుందో ఆమెకు అప్పుడే తెలిసింది. సంచిలోంచి ఇంకో ఫారం తీసి, మంచం అంచున కూర్చుంది.

"అత్తయ్యా, ఆ రెండో గది నాకిస్తారా?"