అచ్చు కాని వార్త

శనివారం పొద్దున్నే విజయ కుమారి ఫోను పట్టుకుని కిటికీ దగ్గర కూర్చుంటుంది. ఆవిడ భర్త ఎలీయాజరు కలకత్తా పక్కన లిలువా రైల్వే వర్క్‌షాపులో రిటైరయ్యాక నడుపుతున్న నాలుగు పేజీల పత్రిక ‘లిలువా కబురు’. ఇక్కడ పుట్టిన మనవాళ్ల పిల్లలకు తెలుగు మాటలొచ్చు గానీ చదవడం రాదు. అందుకని ఆవిడే వార్తలు చదివి, రికార్డు చేసి సంఘం వాట్సాప్ గ్రూపులో పెడుతుంది. అచ్చు అక్షరాలు కంటికి ఆనవని భర్త చేతిరాత కాగితాలే చదువుతుంది.

ఆ రోజూ అలాగే చదివింది. రెండు పెళ్లిళ్లు, ఒక బాప్తిస్మం, ఆ తర్వాత, “మన సందు ట్యాంకులో మురుగు కలుస్తోంది. ముగ్గురు పిల్లలకు కామెర్లు. నీళ్లు కాచుకునే తాగండి.”

కాసేపటికి ఎలీయాజరు పత్రికల కట్టతో వచ్చాడు.

“ట్యాంకు సంగతి గట్టిగా రాసేరండీ,” అందావిడ.

“ఏటీ? అది సదివేసినావా?”

“సదవక? మీరు రాసిందే కదా!”

ఆయన చేతిలోని కట్ట జారి పత్రికలు నేల మీద పడ్డాయి. విజయ కుమారి ఒక పత్రిక లాగి దూరంగా పట్టుకుని చూసింది. ట్యాంకు వార్త లేదు. ఆ చోట ప్రకటనలో సుందర్ బాబు ఫొటో నవ్వుతోంది. ట్యాంకు కడిగే కాంట్రాక్టరు ఆయనే.

“ఆ వార్తేస్తే నా ప్రకటన తీసెయ్యమని ప్రెస్సుకి ఫోన్ సేసేడే. ఆ ప్రకటన లేపోతే కాగితమే లేదు. మనోళ్లలో ఎవుడు సచ్చేడో ఎవుడికి తెలుస్తాది?”

“సచ్చినోళ్ల పేర్లేసుకోడానికేటండీ కాగితం?”

మా ఆయన రాస్తే తిరుగులేదని సందంతా చెప్పుకుని తిరిగింది ఇన్నేళ్లూ.

“గ్రూపులోంచి తీసెయ్యవే, నీకు దండం పెడతాను. ఇంకా ఎవులూ ఇనుండరు.”

విజయ కుమారి ఫోను బొడ్లో దోపుకుంది.

ఎదురింటి పుష్పరాణి నీళ్ల బిందె ఎత్తుకొచ్చి బళ్లున కాలవలో కుమ్మరించింది. “పిన్నీ, నీ మాట ఇప్పుడే ఇన్నాను. పొద్దున్న కూడా మా ఇవాన్‌గాడికి ఇయ్యే నీళ్లు పట్టేనే! మూడ్రోజులై అన్నం ముట్టట్లేదు, ఎండ దెబ్బనుకున్నాం.”

ఎలీయాజరు పత్రికలు తొక్కుకుంటూ గుమ్మంలోకి వచ్చాడు.

“పుష్పా, ఆడి కళ్లు ఎలాగున్నాయే?” అనడిగాడు.

పుష్పరాణి బిందె వదిలేసి లోపలికి పరుగెత్తింది.