దీవెనమ్మ డ్యూటీ దిగిన రోజు

మా అమ్మ పోయి పంతొమ్మిదేళ్లయింది గానీ ఇంకా డ్యూటీ దిగలేదు. ఆ సంగతి తెలియజేస్తూ పాత జైలు వాళ్లు నాకు కార్డు రాస్తారు. జైలు మూసేసి చాలాకాలమైంది. ఇప్పుడు వచ్చినవాళ్లకి గోడలూ గదులూ చూపించి, చివర్లో దెయ్యాల్ని కూడా చూపిస్తున్నారు. కార్డు గౌరవంగానే ఉంది. "ఆడవార్డు మేట్రన్ దీవెనమ్మ గారు లెక్క కుదరలేదని సందర్శకుల్ని బయటికి వదలడం లేదు. దయచేసి వచ్చి తీసుకెళ్లగలరు."

తమ్ముడు సామ్యేలుకి ఫోన్ చేస్తాను. వాడు కరెంటాఫీసులో లైన్‌మన్. వయసు యాభై ఒకటి, నాకంటే ఏడేళ్లు చిన్న.

"నేను రానక్కా," అంటాడు. "బతికున్నప్పుడే మనకోసం వేళకి ఇంటికి రాలేదు. ఇప్పుడు మనం వెళ్లి పిలవాలా?"

"పిలిస్తే వస్తుందేమోరా."

కాసేపు తీగల మీద గాలి వీచిన చప్పుడు వినిపిస్తుంది. "బస్సు ఎన్నింటికి?" అంటాడు.

బస్సు గోదావరి గట్టు మీదుగా వెళ్తుంది. కొంతదూరం పోయాక మైలురాళ్ల మీద ఊళ్ల పేర్లు అయిపోయి సంవత్సరాలు మొదలవుతాయి. 1973 రాయి దగ్గర కండక్టరు విజిలేస్తాడు. జైలుకి అదే స్టాపు.

గేటుకి ఎడమపక్క మా క్వార్టర్స్ ఉండేవి. ఇప్పుడక్కడ స్కూటర్లు నిలబెట్టారు. చివరి నుంచి మూడో స్కూటరు మా వంటిల్లు. దాని సీటు మీద చెయ్యి వేస్తే వెచ్చగా ఉంది, ఇప్పుడే ఎవరో గంజి వార్చి వెళ్లినట్టు. సామ్యేలు కూడా చెయ్యి వేస్తాడు. చాలాసేపు తియ్యడు.

ఆ రోజుల్లో సాయంత్రం ఆరింటికి లాకప్. లోపల అందర్నీ నిలబెట్టి లెక్కపెట్టేవారు. లెక్క సరిపోతే పెద్దగంట ఒక్కసారి మోగేది. ఆ గంట వినబడితేనే క్వార్టర్స్‌లో ఆడవాళ్లు పొయ్యిల మీద ఎసరు పెట్టేవారు. మొగుళ్లు చెప్పుల చప్పుడు చేసుకుంటూ ఇళ్లకొచ్చేవారు. ఒక్క మా అమ్మ మాత్రం వచ్చేది కాదు. ఆ చప్పుళ్లన్నీ ఆగిపోయాక, నేను తమ్ముడికి అన్నం కలిపి పెట్టి, మూతి తుడిచి, వాడు నా ఒళ్లో తూగుతుండగా అప్పుడు వచ్చేది. "ఏంటమ్మా ఇంతసేపు?" అంటే, "ఇంకోసారి లెక్కపెట్టుకున్నానే," అనేది.

మమ్మల్ని తిప్పి చూపించే మనిషి పేరు సూరిబాబు. సన్నగా, టోపీ పెట్టుకుని ఉన్నాడు.

"దెయ్యాల్ని చీకటి పడ్డాక చూపిస్తారనుకున్నాను," అంటాడు సామ్యేలు.

"చీకటి పడితే ఆళ్లు పడుకుంటారండి. గవర్నమెంటు ఉద్యోగాలు కదండీ, పగలే డ్యూటీలు," అంటాడు సూరిబాబు. "ఇలా రండి. గడప జాగ్రత్తండి, అప్పుడప్పుడు లేస్తుందది."

గడప మోకాలి ఎత్తున లేచి మమ్మల్ని చూసి మళ్లీ కూర్చుంటుంది. తివాచీల షెడ్డులో ఎవరూ లేరు గానీ మగ్గం ఆడుతోంది. నేసినంత మేరా పువ్వులు వాసనేస్తున్నాయి. మగవార్డు ఖాళీ. అక్కడివాళ్లంతా సెలవు పెట్టారంటాడు సూరిబాబు.

ఆడవార్డు గుమ్మం దగ్గర మంగళవారం నుంచి బయటికి వెళ్లలేకపోయిన సందర్శకులు తొమ్మిదిమంది వరసగా కూర్చున్నారు. జరిగి మాకు చోటిస్తారు.

"కాస్త తొందరగా తేల్చండమ్మా," అంటుంది ఒకావిడ. "ఇంటిదగ్గర ఇడ్లీపిండి పులిసిపోతోంది."

వరండాలో అమ్మ నిలబడి ఉంది. ఖాకీ చీర, నడుముకి తోలుబెల్టు, బెల్టుకి తాళాల గుత్తి. వయసు ముప్పై ఆరు. జడ ఒత్తుగా నల్లగా ఉంది. అది అంత నల్లగా ఉండేదని నేను మర్చిపోయాను.

నన్ను చూసి కుర్చీ ముందుకి జరుపుతుంది. "కూర్చోండమ్మా. నాకంటే పెద్దవారు, నిలబెట్టకూడదు."

"అమ్మా, నేను ఎస్తేర్ని."

సంతకం సరిచూసుకున్నట్టు నా మొహం చూస్తుంది. తరవాత అడుగుతుంది. "అన్నం తిన్నావా?"

"తిన్నాను. నువ్వు?"

"లెక్క తేలాక."

ఎదురుగా ఖైదీలు రెండు వరసల్లో నిలబడ్డారు. అమ్మ వేలు చూపించకుండా చూపుతోనే లెక్కపెడుతుంది. చూపు తగిలిన మనిషి ఒక్క క్షణం వెలిగి ఆరిపోతుంది. ముప్పై ఒకటి దగ్గర వెలుగు ఆగిపోతుంది. పుస్తకంలో ముప్పై రెండు ఉంది. అమ్మ మళ్లీ మొదటి మనిషి దగ్గరికి వెళ్తుంది.

"ఇలా ఇన్నేళ్లనుంచండి," అంటాడు సూరిబాబు నెమ్మదిగా. "తాళాలు అప్పగించాలంటే పుస్తకం సరిగ్గా ఉండాలంటారు. ఆ ముప్పై రెండో మనిషెవరో ఎంతడిగినా చెప్పరు."

రెండో వరస చివర ఇరవై రెండేళ్ల అమ్మాయి నిలబడి ఉంది. రవిక ముందువైపు పాలతో తడిసింది. మిగతా అందరూ అమ్మవైపు చూస్తుంటే ఆ అమ్మాయి మాత్రం సామ్యేలుని చూస్తోంది.

"ఆయనెవరండీ?" అని నన్నడుగుతుంది.

"మా తమ్ముడు."

"ఏ ఆసుపత్రిలో పుట్టేడండీ?"

అడిగితే చెప్పాలి కదా. అందరి తమ్ముళ్లూ ఆసుపత్రి నుంచి వస్తారు. మావాడు కేరియర్లో వచ్చాడు. ఆ సాయంత్రం అమ్మ కేరియరు తెచ్చి నా ముందు పెట్టింది. పై గిన్నెలో అడుగంటిన చారు ఉంది. రెండోది ఖాళీ. మూడో గిన్నె తీస్తే తమ్ముడు, కళ్లు మూసుకుని, గుప్పిట్లో ఒక మెతుకు పట్టుకుని. "చప్పుడు చెయ్యకు, తమ్ముడు," అంది అమ్మ. నాకు ఏడేళ్లు. తమ్ముణ్ణి ఒళ్లోకి తీసుకుని, గిన్నెలు కడిగి బోర్లించాను. ఇన్నేళ్లలో ఎవరూ అడగలేదు, అందుకని చెప్పలేదు.

ఇప్పుడు అదంతా పైకే చెబుతాను. సామ్యేలు వింటూ తన అరచేతులు చూసుకుంటాడు.

"కేరియరు ఎవరిది?" అంటాడు.

"మనదే."

"అయితే సరే," అంటాడు.

అమ్మ పుస్తకం మూస్తుంది. వాడివైపు చూడకుండా మాట్లాడుతుంది. "ఈ పిల్ల పేరు ఆదెమ్మ. జ్వరంతో కాలిపోతుండేది. బిడ్డకి అంటుకుంటుందని భయపడింది. ఒక్క రాత్రికి తీసుకెళ్లమ్మా, పొద్దున్నే తెచ్చిచ్చేయ్ అంది. పొద్దున్నే తెచ్చాను. అప్పటికే ఈ పిల్ల ప్రాణం పోయింది. తెచ్చినవాణ్ణి అలాగే వెనక్కి తీసుకుపోయాను. ఉన్నదున్నట్టు రాసి వాణ్ణి ఇచ్చేస్తే ఏ అనాథాశ్రమానికో పంపేస్తారు. అందుకని పుస్తకంలో వాణ్ణి ఇక్కడే ఉంచేశాను. రోజూ ఆరింటికి సరిపోయిందని అబద్ధం చెప్పేదాన్ని. గంట కొట్టేవారు. అందరూ వెళ్లాక మళ్లీ లెక్కపెట్టేదాన్ని."

"దేనికి?" అంటాడు సామ్యేలు. "నేను లేనని నీకు తెలుసుగా."

"లేవని రూఢి చేసుకునేదాన్ని. ఒకటి తక్కువ వచ్చిందంటే నువ్వు ఇంట్లో ఉన్నట్టు. ఆ ఒక్క మాట కోసం రెండుసార్లూ మూడుసార్లూ లెక్కపెట్టుకునేదాన్ని. అందుకే ఆలస్యమయ్యేది."

సామ్యేలు చెప్పులు విడుస్తాడు. వరసవైపు నడుస్తాడు. వాడు నడిచేకొద్దీ వరండా పొడుగవుతుంది, అడుగుకో బండ చొప్పున. యాభై ఒక్క బండలు. ఇరవయ్యో బండ మీద ఆగి దమ్ము తీసుకుంటాడు. నలభయ్యో బండ దగ్గర మోకాలు పట్టుకుంటాడు. చివరికి ఆదెమ్మ పక్కన నిలబడతాడు. ఆమె తల వాడి భుజం దాకా కూడా రాదు.

"మీసాలొచ్చేశాయే," అంటుందామె.

"వచ్చి చాలాకాలమైందండి."

"పాలు తాగుతావా?"

"షుగరుందండి. డాక్టరు మానెయ్యమన్నాడు."

"పంచదార ఎయ్యలేదులే," అంటుంది ఆదెమ్మ.

వాడు కిందికి ఒంగి, ఆ పెద్ద తల ఆమె భుజం మీద ఆనిస్తాడు. ఆమె వాడి వీపు మీద తడుతుంది, పసివాళ్లకి తేన్పు వచ్చేదాకా తట్టినట్టు. మంగళవారం నుంచి ఉన్నవాళ్లు మొహాలు పక్కకి తిప్పుకుంటారు.

అమ్మ లెక్కపెడుతుంది. ముప్పై రెండు. గంట మోగుతుంది. జైల్లో గంట లేదు, దాన్ని ఎప్పుడో మ్యూజియానికి పట్టుకుపోయారు. అయినా మోగుతుంది.

నాకు అప్పుడు భయమేస్తుంది. "అయితే వాణ్ణి ఇక్కడే ఉంచేస్తావా అమ్మా?"

"ఎలా ఉంచుతానే? ఆడవార్డులో మగపిల్లల్ని ఆరేళ్ల దాకానే ఉంచాలి. వీడికి నలభై అయిదేళ్లు ఎక్కువైంది." పుస్తకం తెరిచి, వయసు మించినందున విడుదల అని రాసి, తేదీ వేస్తుంది.

"మరి నేనమ్మా?" అంటుంది ఆదెమ్మ.

"నిన్ను బిడ్డతో ఉన్న ఖైదీ అని రాశాను. బిడ్డ వెళ్లిపోతే పుస్తకంలో ఆ వరసలో ఎవరూ లేనట్టే. పద."

అమ్మ బెల్టు విప్పుతుంది. తాళాలు సూరిబాబు చేతిలో పెడుతుంది. అతను రెండు చేతులా పుచ్చుకుంటాడు. "కొంచెం బరువేనండీ," అంటాడు. "అలవాటవుతుంది బాబూ," అంటుంది అమ్మ. బెల్టు తీశాక ఆమె నడుము చుట్టూ ఒక తెల్లటి గీత ఉంది. దాన్ని వేళ్లతో రుద్దుకుంటుంది. తరవాత సామ్యేలు ఎదురుగా వచ్చి నిలబడి, వాడి చొక్కా పైబొత్తాం పెడుతుంది.

"ఇంటికి పద అమ్మా," అంటాడు సామ్యేలు.

ఇడ్లీపిండి ఆవిడ ముందు, మిగతా ఎనిమిదిమందీ వెనక, గేటు దాటిపోతారు. మేమూ గేటువైపు వెళ్లబోతే ఆదెమ్మ ఆపుతుంది. "ఇది ఇక్కడే వదిలేసిపోతే తడిసిపోదూ?" అంటూ జైలు గోడ దగ్గరికి వెళ్లి కింది కొస పట్టుకుని లాగుతుంది. గోడ నేలలోంచి మెత్తగా ఊడి వస్తుంది, తడిసిన దుప్పటిలా. గోదావరి వైపు కొసలు ఆదెమ్మ ఒకటి, అమ్మ ఒకటి పట్టుకుంటారు. ఊరివైపు కొసలు రెండూ సామ్యేలు పట్టుకుంటాడు. గట్టిగా ఒక్కసారి దులుపుతారు. సున్నం పొడి లేస్తుంది, వెనకాలే పావురాలు లేస్తాయి.

"కొసలు సరిచూసుకోరా," అని కేకేస్తుంది అమ్మ.

మొదటి మడతకి వాళ్లు ఒకరికొకరు చుక్కల్లా కనిపిస్తున్నారు. రెండో మడతకి మొహాలు తెలుస్తాయి. మూడో మడతకి మాటలు వినిపిస్తాయి. ఆదెమ్మ ఏదో అంటే సామ్యేలు పగలబడి నవ్వుతాడు. ఆఖరి మడతకి ముగ్గురి చేతులూ కలుస్తాయి. గోడ ఇప్పుడు దిండు గలీబంత ఉంది.

దాన్ని నా చేతుల్లో పెడతారు. ఎండకి ఆరిన బట్టలా వెచ్చగా ఉంది. చెవికి ఆనించుకుంటాను. లోపల వాన కురుస్తోంది. ఆ వానలో, వరసలు విడిచిన ఆడవాళ్లు ఒకరి పేరు ఒకరు పిలుచుకుంటూ పరిగెడుతున్నారు.