యాప్‌కు వేరే పేరు

"పాత పాస్‌వర్డే పెట్టరాదు పిల్లా, గదేమన్న పెద్ద పనా?" అని ప్రేమల మూడోసారి అంది. పెనం మీద జొన్నరొట్టె మాడుతోంది.

"పెట్టను అత్తమ్మా," అని కోడలు సింధుజ కూడా మూడోసారే అంది.

పొద్దున్నుంచీ ఇదే గొడవ. ఆ ఇంటికి మూడు వరికోత మిషన్లున్నాయి. ఏ రైతు పొలానికి ఏ రోజు మిషన్ పోవాలో చూపించే యాప్‌ను సింధుజే తయారు చేసింది. రైతుల పేర్లు, వంతులు అన్నీ డేటాబేస్‌లో ఉంటాయి. యాప్ అందులోకి వెళ్లేందుకు అప్పటి తొందరలో తన పేరు, తన పాస్‌వర్డే సెట్టింగ్స్‌లో రాసేసింది. ఇంట్లో అందరికీ ఆ పాస్‌వర్డ్ తెలుసు. ప్రేమల వంటింటి క్యాలెండర్ మీద కూడా రాసి పెట్టింది.

నిన్న మరిది నవనీత్ దాంతోనే సింధుజ మెయిల్ తెరిచాడు. నిజామాబాద్‌లో ఒక దవాఖానలో కంప్యూటర్ ఉద్యోగం వచ్చిందన్న సంగతి ఆమె నోరు విప్పకముందే ఇంటిల్లిపాదికీ చెప్పేశాడు. సింధుజ ఒళ్లు మండి, ఆ పాస్‌వర్డ్ ఉన్నచోటల్లా మార్చేసింది. డేటాబేస్‌లోనూ మార్చింది గానీ యాప్ సెట్టింగ్స్‌లో మార్చడం మరిచిపోయింది. పొద్దున లేచేసరికి యాప్ లోపలికి వెళ్లలేక ఆగిపోయి ఉంది.

"కోతల టైంల గీ ఉద్యోగమేంది వదినా? డ్రైవర్ పోతే ఇంకో డ్రైవర్ దొరుకుతడు. నువ్వు పోతే ఎవలు దొరుకుతరు?" నవనీత్ నవ్వాడు.

పొగడ్తే. కానీ బయటినుంచి ఎవరో గడియ పెట్టినట్టనిపించింది సింధుజకు.

ముందుగదిలో మామ దేవిదాస్ ఫోన్‌లో ఒక రైతును బతిమాలుతున్నాడు. "ఫికర్ చెయ్యకు ముత్తెన్నా, మా కోడలు ఇంట్లనే ఉంటది, చూస్తది."

"పాతది వద్దంటే కొత్తదన్న చెప్పు, నేనే రాస్త," అన్నాడు భర్త రాజీవ్.

చెబితే సాయంత్రానికల్లా అదీ క్యాలెండర్ మీదికి ఎక్కుతుంది.

సింధుజ ల్యాప్‌టాప్ తెరిచింది. సెట్టింగ్స్‌లో తన పేరు కనిపించింది. ఆ పేరు రోజుకు వందసార్లు లోపలికీ బయటికీ తిరుగుతోంది. తను బస్టాండ్ దాటి నెలన్నరైంది.

ఆ పేరు తుడిచేసింది. డేటాబేస్‌లో యాప్ కోసమే 'కోతమిషన్' అని కొత్త పేరు పెట్టి, దానికో పాస్‌వర్డ్ ఇచ్చి, ఆ రెండూ సెట్టింగ్స్‌లో రాసింది. యాప్ తెరుచుకుంది గానీ ముత్తెన్న వంతు ఎక్కించబోతే ఒప్పుకోలేదు. చూడ్డానికే అనుమతి ఇచ్చింది, రాయడానికి మరిచిపోయింది. అదీ ఇచ్చింది. గురువారం, రెండో వంతు, ముత్తెన్న.

"వచ్చిందా?" దేవిదాస్ కేకేశాడు.

"వచ్చింది మామయ్యా."

"సూసినవా, నువ్వు లేకుంటే నడ్వదు!" అంది ప్రేమల సంబరంగా, రొట్టెలు వడ్డిస్తూ.

నలుగురూ తినడానికి కూర్చున్నాక సింధుజ క్యాలెండర్ దగ్గరికి వెళ్లింది. పాత పాస్‌వర్డ్ కొట్టేసి, పక్కన కొత్త పేరు, కొత్త పాస్‌వర్డ్ పెద్దక్షరాలతో రాసింది.

"ఇది యాప్‌ది. నాది కాదు. ఆగిపోతే ఏం జెయ్యాల్నో ఇయ్యాల నవనీత్‌కు నేర్పిస్త," అంది. రొట్టె తుంచుతున్న చేతులు ఆగాయి. "సోమవారం ఏడు గంటల బస్సుకు నేను నిజామాబాద్ పోతున్న. ఉద్యోగంల చేరుతున్న."