రిజిస్టరు పిల్లలు

ఇలా రా తల్లీ, కాస్త దగ్గరికి జరుగు. ఇది గొంతెత్తి చెప్పే కథ కాదు. నువ్వు రేపో మాపో నలుగురు పిల్లల్ని చూసుకునే పనిలో చేరతావు కాబట్టి చెబుతున్నాను. మధ్యలో లేచిపోకు, సగం విన్న భయం పూర్తిగా విన్న భయం కంటే చెడ్డది.

ఒక ఊళ్ళో ఒక బడి ఉండేది. రెండు గదులు, ముందు ఒక వరండా, మీద పెంకుల కప్పు. ముందుగదిలో పెద్ద టీచరమ్మ చెప్పేది, వెనకగదిలో కొత్తగా ఉద్యోగంలో చేరిన చిన్న సారు చెప్పేవాడు. గంట కొట్టడానికి, గదులు ఊడవడానికి ఒక ఆయా. బడి అంటే అంతే. అయినా పెద్ద టీచరమ్మకి అది కన్నబిడ్డతో సమానం. ఇరవై రెండేళ్ళుగా ఆ గొళ్ళెం ఆవిడ చేత్తోనే తీసింది.

ఆ బడి వెనకగోడకి ఒక బీట ఉండేది. మొదట వెంట్రుకంత. తర్వాత వేలంత. బాగుచేయించండి బాబూ అని ఆవిడ పైఆఫీసుకి ఆరు ఉత్తరాలు రాసింది. ఆరింటికీ ఒకటే జవాబు: పిల్లలు అరవై మంది లేని బడికి మరమ్మతులు ఉండవు. పోనీ అలా వదిలేస్తారా అంటే అదీ లేదు. నలభై మందికి తగ్గితే బడిని ఎత్తేసి, హైవే అవతల ఉన్న పెద్ద బడిలో కలిపేస్తారట. చావనివ్వరు, బతకనివ్వరు.

ఆ హైవే సంగతే ఆవిడకి నిద్ర పట్టనిచ్చేది కాదు. లారీలు గాలికంటే ముందొచ్చే రోడ్డు. ఆరేళ్ళ పిల్లలు పుస్తకాల సంచీ మోసుకుని పొద్దునా సాయంత్రం దాన్ని దాటాలి.

ఇంతలో పనులు వెతుక్కుంటూ నాలుగు కుటుంబాలు వేరే చోటికి వెళ్ళిపోయాయి. వాళ్ళతోపాటు నలుగురు పిల్లలు. నలభై ఇద్దరు కాస్తా ముప్పై ఎనిమిది అయ్యారు.

ఆవిడ ఆ నాలుగు పేర్లు కొట్టెయ్యలేదు.

అదేం వింత కాదులే. చుట్టుపక్కల బడులన్నింట్లోనూ ఉన్న అలవాటే. అడిగేవాళ్ళకీ తెలుసు, చెప్పేవాళ్ళకీ తెలుసు. ఆయా వాళ్ళకి రిజిస్టరు పిల్లలని పేరు పెట్టింది. "బంగారు తండ్రులమ్మా వీళ్ళు. ముక్కు చీదరు, బల్ల విరగ్గొట్టరు, నీళ్ళకుండ పగలగొట్టరు. అందరూ ఇలాంటివాళ్ళే అయితే నా నడుం ఎప్పుడో బాగుపడేది" అని నవ్వేది.

పెద్ద టీచరమ్మ నవ్వేది కాదు. రోజూ హాజరు వేస్తుంటే చెయ్యి వణుకుతోందని, వారం మొదట్లోనే ఆ నలుగురి గళ్ళూ వారమంతటికీ నింపేసేది. అప్పుడు వణుకు వారానికి ఒక్కసారే కదా. ఎప్పుడూ మానని పిల్లలంటే ఎవరు నమ్ముతారని అప్పుడప్పుడు ఒకరికి జ్వరం తెప్పించేది, ఇంకొకరిని పెళ్ళికి పంపేది. ఇంట్లో మిషను తొక్కుకుంటూ ఆవిడ భర్త, ఆయన దర్జీలే, ఎగతాళి చేసేవాడు.

"లేని పిల్లలకి జ్వరాలొస్తే గుర్తుంటుంది నీకు. ఉన్న మొగుడు నాలుగు రోజులనుంచి దగ్గుతున్నాడు, మందు తాగావా అని అడిగావా?"

"నెమ్మదిగా మాట్లాడండి. గోడలకి చెవులుంటాయి."

"చెవులు సరే. దొంగకుట్టు ఎంత సన్నగా వేసినా, గుడ్డ లాగినప్పుడు అక్కడే విడిపోతుందే పిచ్చిదానా."

చిన్న సారు చేరిన రోజే ఆవిడ పక్కకి పిలిచి చెప్పింది. "నాయనా, అన్నీ నీ ఇష్టం. ఆ నాలుగు పేర్ల జోలికి మాత్రం పోకు. పిలవకు, దిద్దకు, ఎవరన్నా అడిగితే నన్నడగమను." అతను సరేనన్నాడు. కొత్త కోడలు అత్తమాట విన్నట్టు విన్నాడు పాపం.

అలా నాలుగు నెలలు గడిచాయి.

ఆ ఏడు వాన విరగబడి కురిసింది. ఆదివారంతో కలిపి మూడు రోజులు సెలవు ఇచ్చి, మంగళవారం బడి తెరిచారు. మూడు రోజులు ఇళ్ళలో పిల్లల గోల భరించలేక తల్లులు ఒక్కర్నీ మిగల్చకుండా తోలేశారు. ముప్పై ఎనిమిది మందీ వచ్చారు. పెద్ద టీచరమ్మ ఎప్పటిలాగే ముందు ఆ నలుగురి గళ్ళు నింపి, రిజిస్టరు చిన్న సారుకి పంపింది. గోడ తడిసి నల్లగా ఉంది. బీటలో చెయ్యి పెట్టి చూసింది. చెయ్యి మణికట్టుదాకా వెళ్ళింది. ఈ సాయంత్రం ఏడో ఉత్తరం రాయాలి అనుకుంది.

మధ్యాహ్నం భోజనాల గంట కొట్టారు. పిల్లలంతా గిన్నెలు పట్టుకుని వరండాలోకి వచ్చారు. చిన్న సారు నెలవారీ లెక్కల కాగితాలు ఇవ్వడానికి పైఆఫీసుకి బయల్దేరాడు. అతను వెళ్ళి అరగంట కాలేదు. బండి గులకరాళ్ళు దింపినట్టు ఒక చప్పుడు. ఆ తర్వాత నేల అదిరింది. వెనకగది గోడ బయటికి పడిపోయింది, కప్పు సగం లోపలికి కూలింది, మిగతా సగం ఒక్క దూలం మీద వేలాడుతోంది.

ఆయా అరుచుకుంటూ పిల్లల్ని రోడ్డు మీదికి తోలింది. ఎవరో ఫోను చేశారు. ఫైరింజను వచ్చింది. అందులోంచి తెల్ల మీసాల పెద్దాయన దిగాడు, వెంట నలుగురు కుర్రాళ్ళు.

"టీచర్ ఎవరు? పిల్లలెందరు?"

ఆవిడ నోరు తెరిచేలోపు ఆయా వరండా దుమ్ములోంచి రిజిస్టరు తెచ్చి ఆయన చేతిలో పెట్టేసింది. అలవాటు కదమ్మా, ఆఫీసరు ఎవరొచ్చినా ముందు రిజిస్టరు ఇవ్వడం! మీసాలాయన వేలితో గళ్ళు లెక్కపెట్టాడు. తలెత్తి పిల్లల్ని లెక్కపెట్టాడు. మొహం మారిపోయింది.

"ఇవాళ హాజరు నలభై రెండు. బయట ముప్పై ఎనిమిది. నలుగురు లోపలున్నారు. తాళ్ళు తీయండిరా!"

కుర్రాళ్ళు నడుముకి తాళ్ళు కట్టుకున్నారు. వాళ్ళలో ఒకడికి ఇంకా మీసమైనా సరిగ్గా రాలేదు. మీద దూలం కిర్రుకిర్రుమంటోంది. పెద్ద టీచరమ్మ ఆ దూలాన్ని చూసింది, ఆ కుర్రాడి మెడని చూసింది. నోరు విప్పితే బడి పోతుంది, ఉద్యోగం పోతుంది, పరువు పోతుంది. విప్పకపోతే ఏ తల్లి కన్నబిడ్డో తను గీసిన సిరాగీతల కోసం ఆ పెంకుల కింద పడిపోతాడు.

"ఆగండి బాబూ! వెళ్ళకండి. లోపల ఎవరూ లేరు."

"నలుగురు తక్కువున్నారుగా?"

"ఆ నలుగురూ ఈ ఊళ్ళో లేరు. ఊరికే... రాశాను. నాలుగు నెలలుగా రాస్తున్నాను."

మీసాలాయన ఆవిడ వంక చూసిన చూపు, చెంపమీద కొట్టినా అంత మంట పుట్టదు. "నిజం పిల్లలు అందరూ బయటే ఉన్నారా? లెక్కపెట్టి చెప్పండి."

ఆవిడ ఒక్కొక్క తల మీద చెయ్యి వేసి లెక్కపెట్టింది. ముప్పై ఎనిమిది. మళ్ళీ పెట్టింది. ముప్పై ఎనిమిది. "అందరూ ఉన్నారు" అంది. కుర్రాళ్ళు తాళ్ళు విప్పేశారు. ఆయన రిజిస్టరు మూసి చంకలో పెట్టుకున్నాడు. బతుకు బజారున పడ్డా ప్రాణాలు దక్కాయి అనుకుంది ఆవిడ.

అప్పుడు రెండో తరగతి పిల్ల ఒకతె ఆవిడ చెయ్యి పట్టుకుని లాగింది.

"టీచర్, పిచ్చుక లేదు."

పిచ్చుక అంటే వెళ్ళిపోయిన నలుగురిలో ఒక పిల్ల. పిడికెడంత ఉంటుందని అందరూ అలా పిలిచేవాళ్ళు.

"పిచ్చుక వాళ్ళ నాన్నతో వెళ్ళిపోయిందమ్మా, ఎప్పుడో."

"పొద్దున వచ్చేసిందిగా! నా పక్కనే కూర్చుంది. సారు నాలుగు నెలల పాఠాలు ఎక్కించుకోమన్నారని, అన్నానికి కూడా లేవకుండా నా నోటుబుక్కు చూసి రాసుకుంటోంది."

ఏం జరిగిందో తెలుసా తల్లీ? ఆ తండ్రి అక్కడ పని దొరక్క ముందురోజు సాయంత్రమే తిరిగొచ్చాడు. పొద్దున ఆలస్యంగా పిల్లని తెచ్చి వెనకగది గుమ్మంలో దింపి పోయాడు. రిజిస్టరు సరిగ్గా ఉండి ఉంటే, చిన్న సారు ఆ పిల్లని చెయ్యి పట్టుకుని పెద్ద టీచరమ్మ దగ్గరికి తీసుకురావాలి, మళ్ళీ పేరు చేర్చాలి. కానీ పేరు అక్కడే ఉంది. ఆ రోజు హాజరు కూడా పడి ఉంది. జోలికి పోవద్దన్న పేరు. అతను పోలేదు. మధ్యాహ్నం చెబుదాంలే అనుకున్నాడు, కాగితాల హడావిడిలో మరిచాడు.

ఆవిడ మీసాలాయన చెయ్యి పట్టుకుంది. "బాబూ, ఒక పిల్ల ఉంది లోపల. ఒకతె ఉంది!"

ఆయన కదల్లేదు. "ఇప్పుడేగా ఎవరూ లేరన్నారు. ఈమె నిజం పిల్లా, రిజిస్టరు పిల్లా?"

అమ్మతోడు అన్నా, బిడ్డతోడు అన్నా ఇక నమ్మేవాళ్ళెవరు? ఆవిడ తిన్నగా ఆ వేలాడే కప్పు కిందికి నడిచింది. ఆయా కెవ్వుమంది.

"పట్టుకోండిరా ఆవిడ్ని!" అని మీసాలాయన వెనకనుంచి పరిగెత్తుకొచ్చి గుమ్మం దగ్గర భుజం పట్టి ఆపాడు. "మీరు ఇక్కణ్ణుంచే పిలవండి. జవాబొస్తే మా వాళ్ళు వెళ్తారు. అరవకండి, దూలం అదురుతుంది."

"పిచ్చుకా!" అంది ఆవిడ. ఏమీ లేదు. పెంకు ఒకటి జారి పడింది. "పిచ్చుకా, తల్లీ, నేనమ్మా!" ఏమీ లేదు. దుమ్ము. ఎక్కడో నీటిచుక్కలు పడుతున్న చప్పుడు.

దూలం ఇంకో వేలెడు కిందికి దిగింది. మీసాలాయన తల అడ్డంగా ఊపాడు.

అప్పుడు ఆవిడకి ఏం తోచిందో, బడిలో పిలిచే గొంతుతో, ఎక్కువా తక్కువా కాకుండా పిలిచింది.

"నంబర్ ఇరవై ఏడు."

నాలుగు నెలలు ఆ నంబరు ఎదురుగా తనే గీతలు గీసింది. ఎవరూ పలకని నంబరు అది.

గదిలో ఒక మూలనుంచి, పడిన నల్లబల్ల వెనకనుంచి, నూతిలోంచి వచ్చినట్టు సన్నగా వినిపించింది.

"ప్రెజెంట్ టీచర్."

కుర్రాళ్ళు బల్లుల్లా నేలకి అతుక్కుని పాకుతూ వెళ్ళారు. వాళ్ళు లోపలున్నది ఎంతసేపో నాకు తెలీదు, ఆవిడకీ తెలీదు. నంబరు పిలుస్తూనే ఉండమన్నారు, పిల్ల స్పృహ తప్పకుండా. ఆవిడ ఇరవై ఏడు, ఇరవై ఏడు అని పిలుస్తూనే ఉంది. ఒక్కోసారి జవాబు ఆలస్యమయ్యేది. ఆ ఆలస్యంలోనే ఆవిడ సగం జుట్టు నెరిసిందంటారు.

పిల్లని తీశారు. కాలు విరిగింది, తల చిట్లింది, ప్రాణం ఉంది. ఆమెని తెచ్చిన చివరి కుర్రాడు గుమ్మం దాటాడో లేదో, దూలం పడిపోయింది.

తండ్రి పరిగెత్తుకొచ్చాడు. బిడ్డని చూసుకున్నాక, రెండు చేతులూ జోడించాడు. తిట్టినా బాగుండేది. "టీచరమ్మా, మీ లెక్కలో మా పిల్ల రోజూ బడికి వస్తూనే ఉందంట కదా. మరి నిజంగా వచ్చిన రోజు మీకు ఎలా కనబడలేదమ్మా?" అన్నాడు.

వారం తిరక్కుండా తనిఖీ ఆఫీసరు వచ్చాడు. మిగిలిన గదిలో కూర్చుని రిజిస్టరు తిరగేశాడు. మంచివాడే. గొంతు తగ్గించి అన్నాడు, "పిచ్చుకతో కలిపి ముప్పై తొమ్మిది. ఒక్కటే తక్కువ. మిగతా మూడు పేర్లలో ఒకటి ఉంచండమ్మా, చూడనట్టు పోతాను. అన్ని బడులూ నడిచేది ఇలాగే. మీ ఒక్కరే అనుకున్నారా?"

"అన్ని బడుల్లోనూనా?"

"అన్నిట్లోనూ."

ఆ మాట ధైర్యానికి చెప్పాడు ఆయన. ఆవిడకి ఒళ్ళు జలదరించింది. ఎన్ని బడులు, ఎన్ని బీటలు, ఎన్ని లేని పేర్ల వెనక కనబడకుండా కూర్చున్న పిల్లలు! కలం తీసుకుంది. మూడు పేర్లూ అడ్డంగా కొట్టేసి, కింద ముప్పై తొమ్మిది అని రాసి సంతకం పెట్టింది.

బడి ఎత్తేశారు. ఆవిడని హైవే అవతల పెద్ద బడికి కింది టీచరుగా వేశారు. ఏ రోడ్డుకి భయపడి అబద్ధం ఆడిందో, ఆ రోడ్డే రోజుకి రెండుసార్లు దాటాల్సి వచ్చింది, పిల్లలందర్నీ వెంటబెట్టుకుని. ఒక ఎర్రగుడ్డ కర్రకి కట్టి పట్టుకునేది. ఇవతల ఒకసారి, అవతల ఒకసారి ఒక్కొక్క తలనీ తాకి లెక్కపెట్టేది. లారీలవాళ్ళు హారను కొట్టి విసుక్కునేవాళ్ళు. ఆవిడ లెక్క పూర్తయ్యేదాకా కదిలేది కాదు. ఆ భయం ఎప్పటికైనా పోయిందా అంటావా? పోలేదు. ముసలితనంలో కూడా ఎవరింట్లో పిల్లలు కనబడినా చెయ్యి దానంతట అదే తలల మీదికి పోయేది.

అదీ కథ. రేపు నువ్వు బడిలో చేరాక, ఏ పెద్ద మనిషైనా ఒక గీతే కదమ్మా, గియ్యి అన్నాడనుకో, ఈ టీచరమ్మ సంగతి ఆయనకి చెప్పు. నా మాటల్లోనే చెప్పక్కర్లేదు, నీకొచ్చినట్టు చెప్పు. కానీ ఆ పిల్ల జవాబు ఆలస్యమైన చోట నువ్వూ కాసేపు ఆగు. అక్కడ తొందరపడొద్దు.