దొరసానికి చింతపండు

నర్గీస్‌కి సవతి వచ్చింది. ఆటోలో, పాత దుప్పటి చుట్టుకుని వచ్చింది. స్వయంగా మొగుడే రెండు చేతులా ఎత్తుకుని, గుమ్మం తగలకుండా పక్కకి ఒరిగి మరీ లోపలికి తెచ్చాడు. పెళ్లయి వచ్చిన రోజున కూడా నజీర్ అహ్మద్ తనని అంత జాగ్రత్తగా గుమ్మం దాటించలేదు. ఆ రోజు నర్గీస్ బొటనవేలికి గడప తగిలి గోరు లేచిపోయింది కూడా.

సవతంటే మనిషి కాదు, గడియారం. ఫ్రాన్సు దేశంలో చేసింది. చలి దేశాల్లో గదిలో మంట వేసుకునే గూడు ఉంటుందట, దాని నెత్తిన నలుగురికీ కనబడేలా పెట్టుకునే రకం. విశాఖపట్నం ఉక్కలో చలిమంట ఎవడిక్కావాలి? అయినా ఆ గడియారం గల ధనశ్రీ గారి తాతగారు, పోర్టులో సరుకు దించే కాంట్రాక్టరు, దేశం వదిలి పోతున్న ఎవరో దొర సామాను వేలానికి వస్తే పాడుకుని తెచ్చుకున్నారు. పెదవాల్తేరులో వాళ్ల హాల్లో అది ఏళ్ల తరబడి ఆగిపోయి ఉంది. ఇప్పుడు ధనశ్రీకి అది మళ్లీ గంట కొడితే వినాలని బుద్ధి పుట్టింది. అందుకని వన్‌టౌన్‌లో కురుపాం మార్కెట్ వెనక సందుకి వెతుక్కుంటూ వచ్చింది. ఆ సందులో నర్గీస్ వాళ్ల ఇంటి ముందు గదే నజీర్ గడియారాల కొట్టు.

ఆ గడియారం మీద ఒక ఆడది ఉంది. అదీ అసలు సంగతి. తెల్లటి పింగాణీ డయలు, దాని మీద మోచెయ్యి ఆనించుకుని, ఒళ్లో పుస్తకం పెట్టుకుని, ఒక భుజం మీంచి బట్ట జారిపోయినా పట్టించుకోకుండా ఏదో ఆలోచిస్తూ ఓ దొరసాని. పని లేదు, పాటు లేదు. చూడగానే నర్గీస్‌కి ఒళ్లు మండింది.

మొదట్లో నవ్వుకుందిలెండి. నజీర్ యంత్రం విప్పాడు, నూనె గడ్డకట్టిన చక్రాలు కడిగాడు. లోలకం పట్టుదారానికి వేలాడుతోంది. అది చివికిపోతే కొత్త దారం కట్టాడు. ఆ దారం ఏ కాస్త పొడుగైనా టైము వెనకబడుతుందట. సరే, బాగుంది. గడియారం నడిచింది, గంట కొట్టింది. ఇచ్చేసి రావచ్చు కదా? లేదు. ఇప్పుడు దొరసాని ఒళ్లు తుడవాలి.

పుల్లకి దూది చుట్టి, సబ్బునీళ్లలో ముంచి, పిండి, ఆవిడ చెవి వెనక, మెడ వంపులో, వేళ్ల సందుల్లో తుడిచేవాడు. కంటికి భూతద్దం. ఊపిరి కూడా పక్కకి తిరిగి వదిలేవాడు. బ్యాటరీ వేయించుకోవడానికి వచ్చిన వాళ్లు గోడ గడియారాలు చంకలో పెట్టుకుని గుమ్మంలో నిలబడాల్సిందే. రోజులు వారాలయ్యాయి. నర్గీస్ ఓ సాయంత్రం కొత్త గాజులు గలగలమనిపిస్తూ టీ తెచ్చింది.

"అక్కడెట్టు. దీని మీద ఒలికిపోద్ది" అన్నాడు, తలెత్తకుండా.

ధనశ్రీ ఫోన్ చేస్తే మాత్రం మాటలు పొంగుకొచ్చేవి. బొమ్మ ఎలా పోశారో, ఎలా చెక్కారో, పైన ఏం పూశారో, అన్నీ చెప్పేవాడు. నర్గీస్ వంటింట్లో గిన్నెలు కావాలనే చప్పుడు చేసుకునేది. ఒక్క ముక్క చెవిన పడనిచ్చేది కాదు. ఆయనా కూర్చోబెట్టి చెప్పిన పాపాన పోలేదు.

ఒక శుక్రవారం పొద్దున్న చేపల చిట్టమ్మ గంప దింపి, ముందు గదిలోకి తొంగి చూసింది.

"ఏటి బీబమ్మా, నీ మొగుడు మొకం ఎత్తడేటి? సిన్నిల్లేటైనా ఎట్టినాడేటి?"

"సిన్నిల్లయితే నయం సిట్టమ్మా. నా ఇంట్లోకే తెచ్చెట్టాడు."

చిట్టమ్మ ఆ బొమ్మని ఎగాదిగా చూసి మూతి విరిచింది. "ఇదా! ఇత్తడి బొమ్మే కదేటి. కొంగంచు మెరుస్తంది గానీ మొకమంతా మసకేసిపోనాది. సింతపండెట్టి రెండు రుద్దులు రుద్దితే తళుక్కుమనదా? దూదెట్టి ఇన్నాళ్లు ఏటి సేత్తన్నాడు?"

ఆ మాట నర్గీస్ మనసులో నాటుకుపోయింది. నిజమే. బట్ట అంచులూ జడ మెలికలూ అద్దంలా ఉన్నాయి. ముఖం, మెడ, భుజం మాత్రం మసక. ఇత్తడి సంగతి నర్గీస్‌కి ఒకరు చెప్పాలా? అమ్మ ఇచ్చిన పాన్‌దాన్‌ని, ఆ ఇత్తడి తమలపాకుల పెట్టెని, తను తోమితే సందులో ఆడవాళ్లు వచ్చి చూసి పోతారు. ఆ మసక వదిలిందంటే పని అయిపోయినట్టే. పని అయితే దొరసాని తన ఇంటికి తను పోతుంది. ఇల్లు మళ్లీ తనదవుతుంది.

నజీర్ జుమ్మా నమాజుకి వెళ్లాడు. నర్గీస్ చింతపండు నానబెట్టింది, కాస్త ఇటుకపొడి కలిపింది. యంత్రం బల్ల మీద విడిగానే ఉంది. బొమ్మని పెరట్లోకి మోసుకొచ్చి, పళ్లెంలో కూర్చోబెట్టి, కుడిచేత్తో పట్టించింది. మెల్లగానే మొదలుపెట్టింది. ఆ నిర్లక్ష్యపు చూపు దగ్గరికొచ్చేసరికి చెయ్యి తన మాట వినలేదు. బుగ్గ మీద రుద్దింది, నుదుటి మీద రుద్దింది, బట్ట జారిన ఆ భుజాన్ని పీచు పెట్టి మరీ రుద్దింది. ఇంత హాయిగా పని చేసి ఎన్నాళ్లయిందో. నీళ్లు పోసి కడిగింది.

ముఖం మెరిసింది. కానీ ఏదో తేడాగా మెరిసింది. జడ పసిమి ఒకటి, బుగ్గ రంగు ఒకటి. ముక్కు కొనా చెంపలూ చౌక చెంబులా ఎర్రబారాయి.

నజీర్ టోపీ తియ్యకుండానే పెరట్లోకి వచ్చాడు. పళ్లెం చూశాడు, బొమ్మని చూశాడు. గోడ పట్టుకుని కింద కూర్చున్నాడు.

"బంగారమే అది" అన్నాడు. "పాదరసంలో బంగారం కలిపి పూసి నిప్పుల మీద కాల్సేవోళ్లు. పాదరసం పొగై పోద్ది, బంగారం ఉండిపోద్ది. ఆ పొగ పీల్సి పనోళ్లు సచ్చిపోయేవోళ్లు, నర్గీస్. మొకం కావాలనే మసగ్గా వదిలేసినారు. ఒంటి సర్మంలా కనబడాలని."

నర్గీస్‌కి తప్పు ఎంత పెద్దదో తెలుస్తూనే ఉంది. అయినా నోట్లోంచి వచ్చిన మాట వేరు.

"ఆయమ్మకి ఫోన్లో సెప్పారు. నాకెప్పుడు సెప్పారు?"

నజీర్ జేబులోంచి ఫోన్ తీశాడు. ఆయనకి చెవులు సరిగ్గా వినబడక స్పీకరు పెట్టుకుంటాడు. నర్గీస్ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఇక తన పేరు ఊరంతా మోగుతుంది.

"అమ్మా, నజీర్‌ని. బొమ్మ మొకం మీద పూత పోయింది. నా సెయ్యే అమ్మా. నాదే తప్పు."

"అయ్యో" అంది ధనశ్రీ అటువైపు నుంచి. "బాధగానే ఉంది నజీర్ భాయ్. కానీ ఇంకొకరికి ఇవ్వాలని లేదు. ఆ పూత మళ్లీ వేసేవాళ్లు ఎక్కడైనా ఉన్నారేమో వెతకండి. దొరికేదాకా మీ దగ్గరే ఉంచండి."

నర్గీస్ కళ్లు మూసుకుంది. తన కోసం అబద్ధమాడాడు. ఆ సంతోషం నిలవకముందే రెండో సంగతి తట్టింది. దొరసాని ఎక్కడికీ పోవడం లేదు. ఏ ఊళ్లో పూత వేసేవాడు దొరుకుతాడో, ఎన్నేళ్లకి దొరుకుతాడో. సవతిని కట్టుబట్టలతో బయటికి పంపబోయి, తానే ఇంట్లో శాశ్వతంగా కాపురం పెట్టించింది.

నజీర్ చింతపండు పిప్పిని ఒక గాజు సీసాలోకి జాగ్రత్తగా ఎత్తాడు. తర్వాత పెరటి అరుగు మీదికి ముక్కాలిపీట లాక్కుని, కంటికి భూతద్దం పెట్టుకున్నాడు.

"సెయ్యి ఇలాగియ్యి."

నర్గీస్ కుడిచెయ్యి ఇచ్చింది. ఆయన దాన్ని వెలుతురుకి తిప్పి, అరచెయ్యి చూశాడు, వేళ్లు ఒక్కొక్కటీ విడదీసి చూశాడు. ఊపిరి పక్కకి తిరిగి వదిలాడు. ఎన్నాళ్లకి ఆయన తనని ఇంత దగ్గరగా చూడటం! నర్గీస్‌కి ఒళ్లు ఝల్లుమంది. అప్పుడు ఆయన చిన్న పుల్ల తీసి, గోరు కింద మట్టిని మెల్లగా గీసి, సీసా అంచుకి తుడిచాడు. రవంత మెరుపు.

బంగారం కోసం చూస్తున్నాడు.

నర్గీస్‌కి చెయ్యి లాక్కుని, సీసాని గోడకేసి కొట్టాలనిపించింది. లాక్కోలేదు. ఆయన అయిదు గోళ్లూ అయ్యేదాకా, దొరసాని చెవి వెనక తుడిచినంత ఓపిగ్గా చూశాడు. అయిపోయాక భూతద్దం తియ్యబోయాడు.

నర్గీస్ ఎడమచెయ్యి ఆయన ఒళ్లో పెట్టింది. ఆ చేత్తో అసలు బొమ్మని రుద్దనే లేదని ఆవిడకి తెలుసు.

"ఇందులో కూడా ఉందేమో సూడండి" అంది.